బావొచ్చిండు, కిటికీలు తియ్యుండ్రి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, నిర్మల్... ఈ వైపు ఏ ఇంట్లో అడిగినా ఒక దుబాయి బావ తేలుతాడు. ఆయన పనిచేసేది మస్కట్‌లోనో దోహాలోనో కావచ్చు, ఊరికి మాత్రం అంతా దుబాయే. 1970లలో మొదలైన గల్ఫ్ వలస పాత కరీంనగర్ జిల్లాకు స్లాబు ఇళ్లు తెచ్చింది, ఏజెంట్ల అప్పులు తెచ్చింది, బంగారం తెచ్చింది. వాటితోపాటే సెంటూ తెచ్చింది. ఆ సెంటుకు నిలువెత్తు ప్రతినిధి బావ.

ఆయన బస్టాండులో దిగిన సంగతి మొదట ఆటో డ్రైవర్‌కు తెలుస్తుంది, తర్వాత వాడకు. అల్లుడొచ్చిండని ఎవరూ కేకెయ్యక్కర్లేదు. అత్తగారు లోపలి నుంచే చాయ్ పొయ్యి మీద పెడుతుంది. మామగారు దగ్గుకుంటూ వెళ్లి కిటికీ తీస్తాడు.

ఆ సెంటేమీ మల్లెపూల రకం కాదు. లవంగం, దాల్చినచెక్క, యాలకులు, కుంకుమపువ్వు, అడుగున ఊద్. సగం సరుకు బగారా అన్నంలో పడేదే. అందుకే పెళ్లి భోజనాల దగ్గర పెద్ద చిక్కొచ్చి పడుతుంది. ఘుమ్మనగానే బగారా గంజు మూత తీశారనుకొని జనం లేస్తారు, పందిట్లోకి వస్తున్న బావను చూసి మళ్లీ కూర్చుంటారు.

ఆయన సెంటు కొట్టుకోవడం చూసి తీరాలి. ముందు మెడకు రెండువైపులా, తర్వాత మణికట్లకు. అక్కడితో ఆగితే ఆయన బావే కాదు. చొక్కా మీద పైనుంచి కిందికి, మళ్లీ అడ్డంగా. జేబు రుమాలుకు వేరే. చివర్లో అత్తరులో ముంచిన దూదిని చెవి మడతలో పెట్టుకుంటాడు. ఇంత చేశాక చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకొని మొహం చిట్లిస్తాడు: “వాసనే అస్తలేదు. డూప్లికేట్ అంటగట్టిండు!”

“నీకొక్కనికే అస్తలేదు కొడుకా, వాడకంత అస్తాంది” అంటుంది వాళ్లమ్మ.

తప్పు సీసాది కాదు. ఒకే వాసన ఎడతెగకుండా తగిలితే కాసేపటికి ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. పూసుకున్నవాడికి తగ్గినట్టే ఉంటుంది, పక్కవాడికి మాత్రం మోత తగ్గదు. ఊద్ లాంటి బరువైన వాసనలు మెల్లగా ఆవిరవుతాయి, బట్టను ఓ పట్టాన వదలవు. ఇదంతా బావకు చెప్పి చూశారు. ఆయన శ్రద్ధగా విని, ఇంకో రెండుసార్లు కొట్టుకున్నాడు.

దసరా అయితే మరీ అన్యాయం. జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకోకుండా ఎవరినీ వదలడు. గుండెకు గుండె ఆనించి, మూడుసార్లు వీపు తట్టి మరీ పంపిస్తాడు. పొద్దుగూకేసరికి సర్పంచ్ నుంచి సుంకరి దాకా ఊరంతా ఒకటే వాసన. ఆ రాత్రి ఎవరు ఎవరింటి నుంచి వస్తున్నారో కుక్కలకు కూడా అంతుపట్టదు.

ఘాటు గోల బావ ఒక్కడిదే కాదు. 1985లో డియోర్ కంపెనీ తెచ్చిన పాయిజన్ అనే సెంటుకు జడిసి, అది పూసుకొని రావద్దని అమెరికాలో కొన్ని రెస్టారెంట్లు బోర్డులు పెట్టాయని చెప్పుకుంటారు. మన దగ్గర ఏ హోటలూ ఆ ధైర్యం చెయ్యదు. బిల్లు కట్టేది బావే మరి.

ఈ షోకు ఇక్కడికి కొత్తా అంటే అదీ కాదు. కరీంనగర్ వెండి తీగ పనివాళ్లు తరతరాలుగా పాన్‌దాన్‌లతోపాటు అత్తరుదాన్‌లూ చేస్తున్నారు. అయితే అందులో అత్తరు చుక్క లెక్కన ఖర్చయ్యేది. స్ప్రే వచ్చాక చుక్క లెక్క పోయింది. ఆ ఊద్ కూడా ఎక్కడిదో కాదు. అస్సాం అడవుల్లో అగరు చెట్టుకు బూజు సోకితే, దాన్ని తట్టుకోవడానికి చెట్టు ఊరబెట్టే జిగురులోదే ఆ పరిమళం. గల్ఫ్‌లో పెద్ద పేరున్న అజ్మల్ కంపెనీ మూలపురుషుడు అస్సాంలోని హోజాయి మనిషే. మన దేశపు చెట్టు వాసన దుబాయి చుట్టి, కార్టన్‌లో రగ్గుల మధ్య దాక్కొని కోరుట్లలో దిగుతుంది. చేతి సంచిలో 100 మిల్లీలీటర్లు మించితే విమానం ఎక్కనివ్వరు కాబట్టి పెద్ద సీసాలన్నీ కార్టన్‌లోకే. దారిలో ఒక్క మూత సడలిందా, ఆ పక్కనున్న ఖర్జూరాలు తిన్నవాడి తేన్పు కూడా ఊదే.

పంపకంలోనూ బావకు లెక్కలుంటాయి. బామ్మర్దికి గాజు సీసా, చిన్నాయినకు అత్తరు, ఎయిర్‌పోర్టుకు రాని వాళ్లకు బాడీ స్ప్రే.

ఇంతా చేసి ఆయన పనిచేసే చోట ఈ వాసన పొడ కూడా ఉండదు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించొద్దని ఎమిరేట్స్ ప్రభుత్వమే ఆంక్ష పెట్టేంత ఎండ అక్కడిది. మిగతా ఎండంతా బావదే. ఆ సిమెంటు, ఆ చెమట, క్యాంపు గదిలో ఒకదానిపై ఒకటిగా మంచాలు... ఇవేవీ ఆయన ఫోన్లో చెప్పడు, ఊళ్లో అసలే చెప్పడు. రెండేళ్లకోసారి సెలవు దొరకగానే మాత్రం ముందు సెంటు దుకాణానికే పోతాడు.

బయల్దేరే ముందు “ఏం తేవాలె?” అని ఇంటింటికీ ఫోన్ చేస్తాడు. “ఏమొద్దు, నువ్వు మంచిగ రా” అని అందరూ ఒక్కటే మాట. బావ ఘాటు మీద వాడంతా తిరిగి జోకులేసే బామ్మర్ది కూడా అదే అంటాడు. ఫోన్ పెట్టేసిన పావుగంటకు ఖాళీ సీసా ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతాడు: “గిదే తే బావా. గని ఈసారి పెద్దది.”