దగ్గు తీసేశారు సరే, ఈలని ఏం చేస్తారు?

లైవ్ కచేరీ రికార్డింగు అని డబ్బులు పోసి కొంటాం గానీ, ఆ రాత్రి హాల్లో ఉన్న జనాన్ని అందులోంచి ముందే ఏరి పారేసి ఉంటారు. వాయించేవాళ్ళని కాదు లెండి, వినేవాళ్ళని. ఒకాయన దగ్గుతాడు. ఒకావిడ చాక్లెట్ కాగితం విప్పుతుంది, అదీ ఫ్లూటు ఒంటరిగా పలికేటప్పుడే. ఎవరిదో కుర్చీ కిర్రుమంటుంది. సౌండ్ ఇంజనీరు ఇవన్నీ బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరేసి, చివర్లో నాలుగు చప్పట్లు మాత్రం మిగులుస్తాడు. అవైనా ఇది లైవే సుమా అని సాక్ష్యం చెప్పించడానికి.

నాకీ గోల పట్టుకోవడానికి మూలపురుషుడు జాన్ విలియమ్స్. జాస్, స్టార్ వార్స్, ఈ.టీ., జురాసిక్ పార్క్ సినిమాలకి సంగీతం ఇచ్చిన మహానుభావుడు. 2020 జనవరి 18, 19 తేదీల్లో, 87 ఏళ్ళ వయసులో, మొట్టమొదటిసారి వియన్నా ఫిల్హార్మోనిక్ ముందు నిలబడి బ్యాటన్ పట్టాడు. హాలు సామాన్యమైనది కాదు. మ్యూజిక్‌వెరైన్‌లోని బంగారు హాలు. 1870లో తెరిచారు. బ్రామ్స్, మాలర్ లాంటి మహా స్వరకర్తలు తిరుగాడిన చోటు. మన త్యాగరాజ ఉత్సవాల్లో సినిమా పాట పాడమని చీటీ పంపినవాణ్ణి ఎలా చూస్తారో మీకు తెలుసు కదా. అలాంటి గడప తొక్కింది సినిమా సంగీతం.

తమాషా ఏమిటంటే, అక్కడ చీటీ పంపింది జనం కాదు, వాద్యగాళ్ళే. ఇంపీరియల్ మార్చ్ కూడా వాయిస్తాం, కార్యక్రమంలో పెట్టండి అని ఇత్తడి వాద్యాలవాళ్ళు అడిగారట. తనకది గొప్ప గౌరవమని విలియమ్స్ మురిసిపోయాడు. ఇంపీరియల్ మార్చ్ అంటే మరేం కాదు, స్టార్ వార్స్ సినిమాల్లో డార్త్ వేడర్ ఎంట్రీ బీజీఎం. నల్ల ముసుగు విలనొస్తుంటే వెనక వాయించేది. ఏళ్ళ తరబడి బ్రూక్నర్‌ని మోస్తూ లోలోపల ఎంత కోరిక అణుచుకున్నారో పాపం! ఆ ట్రాంబోన్ల ఊపు వింటుంటే ఫస్ట్ డే మార్నింగ్ షోకి టిక్కెట్లు దొరికిన కుర్రాళ్ళే గుర్తొస్తారు.

పోనీ వియన్నా జనానికి గోల చేయడం చేతకాదా అంటే, అదీ కాదు. ఏటా కొత్త సంవత్సరం కచేరీలో ఇదే హాల్లో, ఇదే ఆర్కెస్ట్రా రాడెట్స్కీ మార్చ్ వాయిస్తుంటే అందరూ తాళం వేసి చప్పట్లు కొడతారు. కండక్టరు వెనక్కి తిరిగి, ఎప్పుడు కొట్టాలో, ఎప్పుడు మెల్లగా కొట్టాలో వాళ్ళకి కూడా బ్యాటన్‌తోనే చెబుతాడు. హాలు వెనకాల తక్కువ డబ్బుకి నిలబడి వినే చోటు కూడా ఉంది. మన నేల టిక్కెట్టే అనుకోండి. అంటే చప్పుడు మీద వాళ్ళకి పగ లేదు. పర్మిషన్ లేని చప్పుడంటేనే పడదు.

డాయిచె గ్రామోఫోన్ కంపెనీ ఆ కచేరీని ఆగస్టులో విడుదల చేసింది. మధ్యలో కరోనా వచ్చి ప్రపంచంలో హాళ్ళన్నిటికీ తాళాలు పడ్డాయి. జనవరిలో పక్కసీటాయన దగ్గితే కళకి విఘ్నం. ఆగస్టుకి పక్కసీటాయన దగ్గితే పారిపోవడమే. ఆ రోజుల్లో వాళ్ళు ఏ దగ్గు తీసేసినా నేను తప్పు పట్టను. అది ప్రజారోగ్యం. చప్పట్లు వినబడినప్పుడు మాత్రం, ఇంతమంది ఒక్క గదిలో కూర్చున్నారా అని ఒళ్ళు జలదరించింది.

ఇక విడుదలల లీల. ఒకటి సీడీ. ఇంకోటి ఎల్పీ. కచేరీ మొత్తం చూడాలంటే బ్లూరే. సరే అయిపోయింది కదా అనుకుంటే, మరుసటి ఏడు రెండు డిస్కుల్లో పూర్తి కచేరీ, ఆయన మధ్యమధ్య చెప్పిన మాటలతో సహా. పార్సిల్ విప్పుతుంటే మా ఆవిడ వచ్చింది.

“ఏవండీ, ఇది మొన్న కొన్నదే కదా?”

“కాదు, ఇందులో ఆయన మాట్లాడతాడు.”

“మాట్లాడటానికి కూడా డబ్బులా? మీరు ఇన్నేళ్ళుగా ఊరికే మాట్లాడుతున్నారే!”

2022లో బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌తో చేసిన కచేరీ డిస్కు వచ్చింది. అక్కడా ఇంపీరియల్ మార్చ్ ఉంది. ఈసారి పార్సిల్ ఆఫీసుకి తెప్పించుకున్నాను.

ఇదంతా పాశ్చాత్యుల భాగోతం, మనకెందుకు అనుకునేలోపు మనవాళ్ళే లండన్ మీద పడ్డారు. 2019 అక్టోబరు 19న రాయల్ ఆల్బర్ట్ హాల్లో బాహుబలి మొదటి భాగం వేసి, కీరవాణి నేపథ్య సంగీతాన్ని ఎదురుగా ఆర్కెస్ట్రా చేత వాయించారు. 2025 మే 11న ఆర్ఆర్ఆర్‌కీ అదే వైభవం. రాజమౌళి, కీరవాణి, ఇద్దరు హీరోలు, అయిదువేల పైచిలుకు సీట్ల హాలు.

ఈ రకం కచేరీలో పని మహా కష్టం. సినిమాలోంచి సంగీతం తీసేసి మాటలూ చప్పుళ్ళూ మాత్రమే ఉంచుతారు. కండక్టరు ముందు చిన్న తెర ఉంటుంది. దాని మీద రంగు గీతలు అడ్డంగా పాకుతూ వస్తాయి. గీత అంచు చేరేసరికి దెబ్బ పడాలి. చాలాసార్లు చెవిలో క్లిక్ కూడా టిక్కుటిక్కుమంటుంటుంది. పాటకచేరీ అయితే ఈలలు తగ్గేదాకా ఒక్క క్షణం ఆగొచ్చు. ఇక్కడ ఎన్టీఆర్ పులికి ఎదురు నిలిచాడంటే నిలిచాడే. జనం అరుస్తున్నారని పులి ఆగదు.

మా బావమరిది లండన్‌లో ఉంటాడు. ఆర్ఆర్ఆర్‌కి వెళ్ళి ఫోన్లో వీడియో తీసి పంపాడు. కంపెనీవాళ్ళ డిస్కులో జనం లేరు. వీడి వీడియోలో జనం తప్ప ఇంకేం లేదు. వయొలిన్లవాళ్ళ చేతులు ఆడుతున్నాయి గానీ చప్పుడు వినరాదు. రామరాజు కనబడగానే ఒక ఈల, దానికి జవాబుగా పై బాల్కనీలోంచి ఇంకో ఈల, మధ్యలో మావాడి గొంతు చీరుకుపోయేలా “అన్నా!” ఆ హాల్లో ఒకప్పుడు ఏం వాయించినా ప్రతిధ్వని వల్ల రెండుసార్లు వినబడేదని జోకులుండేవి. 1969లో పైకప్పు కింద పుట్టగొడుగుల్లాంటి పళ్ళేలు వేలాడదీసి ఆ జబ్బు కుదిర్చారు. మనవాళ్ళు అయిదేళ్ళ తేడాలో రెండుసార్లు వెళ్ళి ఆ పళ్ళేలకి కూడా పని చెప్పారు.

విచిత్రం చూడండి. నా వియన్నా డిస్కు పెడితే మా ఇంట్లో ఒక్కొక్కరూ లేచి వెళ్ళిపోతారు. ఆ వణికే వీడియో పెడితే పనమ్మాయితో సహా అందరూ ఫోను చుట్టూ చేరతారు. సినిమా సంగీతం పుట్టిందే మన చేత ‘ఓ’ అనిపించడానికి. ఆ ‘ఓ’ని కత్తిరిస్తే మిగిలేది పెళ్ళివారు లేని పెళ్ళి వీడియో. కాబట్టి కంపెనీలకి నా విన్నపం ఒక్కటే. దగ్గులు తీసేయండి, ఈలలు ఉంచండి. అట్ట మీద వయొలిన్లవాళ్ళ పేర్ల కింద బాల్కనీవాళ్ళకీ ఒక లైను కేటాయించండి.

ఇదే మాట బావమరిదితో అంటూ, “అది సరేరా, ఇంతకీ ఆర్కెస్ట్రా ఎలా వాయించారు?” అని అడిగాను.

వాడు కాసేపు ఆలోచించి, “బాగానే కోఆపరేట్ చేశారు బావా” అన్నాడు.