బావమరిది బెంచ్‌మార్క్

చిక్కడపల్లిలో ఏ అపార్ట్‌మెంట్‌కు వెళ్లినా ఒక ఎక్సెల్ బాబాయ్ తగులుతాడు. బ్యాంకులోనో ఏజీ ఆఫీసులోనో రిటైరై ఉంటాడు. లిఫ్టు దగ్గర కనబడితే "బాగున్నారా బాబాయ్?" అని అడక్కూడదు. అడిగితే "పదకొండు పాయింట్ ఆరు రెండు. పన్ను తియ్యకముందు" అంటాడు. ఒంట్లో బీపీ ఎంతో పిన్నిని అడిగి చెప్పాలి గానీ, పెట్టుబడి మీద రాబడి మాత్రం ఆయనకు రెండు దశాంశ స్థానాల దాకా నోటికొచ్చు.

ఆ జబ్బు ఈ పేటలోనే అంటింది. 1943లో మొదలైన హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 1989లో హిమాయత్‌నగర్‌లో సొంత భవనం కట్టుకుంది. బాబాయ్ లంచ్ అవర్లో టిఫిన్ డబ్బా సగం తిని అటు పరిగెత్తేవాడు. ఎక్స్ఛేంజ్ ఆ తర్వాత సోమాజిగూడకు మారింది, 2007 ఆగస్టులో సెబీ గుర్తింపు పోయి మూతపడింది. బాబాయ్ మాత్రం మూతపడలేదు. అమెరికాలో ఉన్న కొడుకు కిందటేడు పోర్ట్‌ఫోలియోను విశ్లేషించే సాఫ్ట్‌వేర్ ఒకటి ల్యాప్‌టాప్‌లో పెట్టి వెళ్లాడు. తండ్రికి కాలక్షేపం అవుతుందనుకున్నాడు పాపం.

షేర్లకూ ఫండ్లకూ చిక్కులేదు. కోడ్ కొడితే పాత ధరలన్నీ వచ్చి పడతాయి. కానీ బాబాయ్ ఆస్తిలో సగానికి కోడ్ ఎక్కడిది? పీపీఎఫ్ ఉంది, కాలనీ చీటీ ఉంది, ఒకప్పుడు ఐదేళ్లలో రెట్టింపయిన ఇందిరా వికాస్ పత్రాల జ్ఞాపకం ఉంది. అలాంటివాటికి సాఫ్ట్‌వేర్ ఒక దారి చూపించింది. ఒక వరుసలో తేదీ, పక్క వరుసలో ఆ నెల రాబడో విలువో రాసి, సీఎస్‌వీ ఫైలుగా దాచి ఎక్కించుకోమంది. ఆ రోజు నుంచి బాబాయ్ మధ్యాహ్నం నిద్ర మానేశాడు.

మొదటి ఫైలు ఎక్కగానే చీటీ సొమ్ము లక్షా పాతికవేలు కాస్తా ఒక్క రూపాయి అయింది. బాబాయ్ గుండె జారింది. ఫైలు పట్టుకుని సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లి, చెట్టు కింద గ్రూప్స్‌కు చదువుకుంటున్న కుర్రాణ్ని పట్టుకున్నాడు. అశోక్‌నగర్ హాస్టల్లో ఉండే ఆ కుర్రాడు ఒక్క చూపులో తేల్చేశాడు.

"కామాలు తీసెయ్యాలె సార్. సీఎస్‌వీల కామా అంటే కొత్త గడి. గది ఒకటి, ఇరవై అయిదు, సున్నాలు అని మూడు గడులు చేసింది."

"లక్షకు కామా పెట్టకుండా లెక్క రాయడమా! మా మేనేజర్ చూస్తే సస్పెండ్ చేసేవాడు."

తీసేశాడు. తర్వాత పీపీఎఫ్ వంతు. 1986 నుంచి 2000 జనవరి దాకా పీపీఎఫ్‌కు పన్నెండు శాతం వడ్డీ వచ్చేది. ఇప్పటి 7.1 తలుచుకుని నిట్టూరుస్తూ ప్రతి నెలకూ పన్నెండు కొట్టాడు. అది ఏడాది వడ్డీ అన్న సంగతి సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, శాతం గుర్తు లేదు కాబట్టి పన్నెండు రెట్లనుకుంది. ఆ రాత్రి బాబాయ్ పీపీఎఫ్ ఖాతా రిజర్వ్ బ్యాంకునే కొనేసే స్థితికి చేరింది.

ఇంత నిష్ఠాపరుడికీ కొన్ని వరుసలు దొరకవు. 1994 ప్రాంతంలో పబ్లిక్ ఇష్యూల ఊపులో కొన్న షేర్లు బీరువాలో పట్టుచీరల కింద కాగితాలుగానే ఉన్నాయి. కంపెనీలే లేవు. "డేటా లేదు" అని వాటిని వదిలేశాడు. నష్టం వదిలేస్తే సగటు దానంతటదే లేస్తుంది. అదీ చాలక పిన్ని గాజుల తూకం అడిగాడు. "మా పుట్టింటివాళ్లు పెట్టినవి మీ లెక్కలోకి రావు" అని ఆవిడ వంటింట్లోంచే ఫైలు మూసేసింది.

అసలు కథ బెంచ్‌మార్క్ దగ్గర మొదలైంది. మీ రాబడిని దేనితో పోల్చమంటారని సాఫ్ట్‌వేర్ అడిగింది. లోకమంతా సెన్సెక్స్‌తోనో నిఫ్టీతోనో పోల్చుకుంటుంది. బాబాయ్ తటపటాయించకుండా ఇంకో సీఎస్‌వీ తయారుచేశాడు. దాని పేరు బావమరిది. ఘట్‌కేసర్ దగ్గర ఆయనగారికి ఒక ప్లాటుంది. గజం ధర బాబాయ్‌కి తెలిసేది పెళ్లి భోజనాల బంతిలోనే. అందుకని ఒక పెళ్లి నుంచి ఇంకో పెళ్లికి పెరిగిన ధరను మధ్య నెలలకు సమానంగా పంచేశాడు.

ఫలితం చూసి కళ్లజోడు తుడుచుకున్నాడు. రాబడిలో ఇద్దరూ దగ్గరదగ్గరే. కానీ షార్ప్ నిష్పత్తిలో బావమరిది అందనంత ఎత్తున ఉన్నాడు. 1990లో ఆర్థికశాస్త్ర నోబెల్ పంచుకున్న విలియం షార్ప్ 1966లోనే చెప్పిన లెక్క అది. రిస్కు లేకుండా వచ్చేదాన్ని మినహాయించి, మిగిలిన రాబడిని ఒడిదుడుకులతో భాగించాలి. బాబాయ్ ఫండ్లు రోజూ లేచి పడుతున్నాయి. ప్లాటు గీత మాత్రం స్కేలు పెట్టి గీసినట్టుంది.

"నోబెల్ వచ్చినవాడు కూడా వాడివైపేనా!"

"ప్లాటు పడలేదని కాదు సార్," అన్నాడు కుర్రాడు. "నెలనెలా ధర అడిగితే కద, పడ్డదో లేచిందో ఎరుకయ్యేది. మీ ఫండు ధర రోజూ చెప్తది, గందుకే దానికి బద్నాం."

బాబాయ్‌కి తత్వం బోధపడింది. ప్లాటు ఒడిదుడుకులు బయటపెట్టాలంటే మార్గం ఒకటే. ప్రతి నెలా ఒకటో తారీఖున బావమరిదికి ఫోన్ చేసి గజం ధర అడగడం మొదలుపెట్టాడు. మూడో ఫోన్‌కు అవతలి గొంతు మారిపోయింది.

"బావగారూ, ఇన్నిసార్లు అడుగుతున్నారంటే మీ దగ్గర గట్టి పార్టీయే ఉన్నట్టుంది. గజానికి ఇంకో వెయ్యి పెంచి చెప్పండి."

బాబాయ్ నిజాయితీపరుడు. పళ్లు కొరుక్కుంటూనే ఆ వెయ్యినీ వరుసలో ఎక్కించాడు, కామా లేకుండా.