జిప్పున్న కుంపటి

విశాఖలో ముసురు పట్టిందంటే సముద్రం మా హాల్లోకొచ్చి కూర్చుంటుంది. ఉప్పు నీరవుతుంది, అప్పడాలు మెత్తబడతాయి, తలుపులు బిగుసుకుంటాయి. సోమవారం ఆరేసిన తువ్వాలు గురువారం నాటికి ముక్కవాసన కొడుతుంది గానీ ఆరదు.

ముందు బాల్కనీలో బట్టలు ఆరేయకూడదని మా అపార్ట్‌మెంట్ నియమం. బిల్డింగు అందం చెడుతుందట. వెనక బాల్కనీలో వేస్తే పై ఫ్లాటు వాళ్ల చీర నా లుంగీ మీద ధారగా కారుతుంది. మేడకు తాళం. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర. వాచ్‌మన్ ఎక్కడున్నాడో దేవుడికెరుక.

అందుకని ఒక దుర్ముహూర్తాన డ్రయ్యర్ కొన్నాను. డ్రమ్ము తిరిగే పెద్దది కాదు. నాలుగు గొట్టాల స్టాండు, దాని మీద జిప్పున్న గుడ్డ తొడుగు, అడుగున వేడిగాలి ఊదే పెట్టె. 1,000 వాట్లు. బిగించడానికి గంటన్నర పట్టింది, చివర్లో రెండు గొట్టాలు మిగిలాయి. స్పేరు అనుకున్నాను.

పది చొక్కాలు కుక్కి స్విచ్చేశాను. తొడుగు బుస్సున ఉబ్బి, తల లేని పెద్దమనిషిలా హాలు మధ్య నిలబడింది.

"ఏంట్రా ఇది?" అంది అమ్మ.

"బట్టలు ఆరబెట్టే మిషనమ్మా."

"కుంపటి మీద బుట్ట బోర్లించి నీ పొత్తిగుడ్డలు ఆరబెట్టలేదూ? అదే ఇది. జిప్పు కొత్త, అంతే."

రెండు గంటల తర్వాత తీసి చూస్తే చొక్కాలు ఆరాయి, కాలర్లూ జేబులూ ఆరలేదు. ఈలోగా కిటికీ అద్దాలకు చెమట పట్టింది, గోడ మీద క్యాలెండర్ చుట్టుకుపోయింది.

ఇంటర్ చదివే మా అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తింది. "నాన్నా, మూడు కిలోల బట్టలు మెషిన్ పిండాక కూడా లీటరున్నర నీళ్లు దాచుకుంటాయి. గ్రాముకు 540 కేలరీలు ఇస్తేగానీ అవి ఆవిరవవు. బాష్పీభవన గుప్తోష్ణం అంటారు. లెక్కకు యూనిట్ లోపే చాలు గానీ, నీ గుడారం సందుల్లోంచి పోయే వేడి కూడా కలిపితే మూడు యూనిట్లవుతుంది. ఆ లీటరున్నర ఎక్కడికీ పోలేదు, మన హాల్లోనే ఉంది."

"మరేం చేయాలి?"

"కిటికీ తెరవాలి."

తెరిచాను. లోపలి తడి బయటికి పోయే లోపే బయటి జల్లు లోపలికొచ్చి, ఆరిన చొక్కాలను మళ్లీ తడిపింది.

"అప్పుడు మనది పెంకుటిల్లురా," అంది అమ్మ. "తడి పెంకుల సందుల్లోంచి దాని దారిన అది పోయేది. ఈ డబ్బాలో ఎటు పోతుంది?"

నిజమే. ఈ డబ్బాలో పెంకుల సందులాంటిది ఒకటే ఉంది: వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను. గుడారాన్ని అక్కడికి మార్చాను. బట్టల్ని మెషిన్లో ఇంకోసారి పిండించి, పదికి బదులు ఆరే, ఒకదానికొకటి తగలకుండా వేలాడదీశాను. అద్భుతం! కాలర్లతో సహా కరకరలాడేలా ఆరాయి. మర్నాడు ఆఫీసులో పక్క సీటాయన నా భుజం దగ్గర గాలి పీల్చి, "మీ ఇంట్లో ఇంగువ పోపు బాగా పెడతారండీ," అన్నాడు.

అయినా వెనక్కి తగ్గలేదు. రోజూ ఆరు చొక్కాలు, రోజూ మూడు యూనిట్లు. నెలాఖరుకు 90 యూనిట్లు అదనంగా తేలి, కరెంటు బిల్లు పై స్లాబులోకి ఎగబాకింది.

గుప్తోష్ణం నీళ్లలోనే కాదు, మా ఆవిడలోనూ ఉంటుందని ఆ బిల్లు చేతికొచ్చినప్పుడు తెలిసింది. అమ్మ ముందు, అమ్మాయి ముందు నన్ను ఉతికి ఆరేసింది. ఆ ముసుర్లో, మా ఇంట్లో, పైసా కరెంటు ఖర్చు లేకుండా, ఉతికిన మరుక్షణం తడారిపోయింది నా నోరొక్కటే.