ఒకటికి యాభై

టర్కీలో ఉద్యోగ విరమణ చేసిన పెద్దమనుషుల్లో ఒక తెగ ఉంది. అంకారాలోనో ఇస్తాంబుల్‌లోనో కాంక్రీటు అపార్ట్‌మెంటులో ఐదో అంతస్తున కాపురముంటూ, భోజనాల బల్లమీద ఒట్టోమన్ కాలపు కొయ్య ఇళ్ళను అసలుకు యాభయ్యో వంతు కొలతలో కట్టుకుంటూ పోవడం దీని లక్షణం. ఇంటిల్లిపాదీ వంటింట్లో నిలబడి భోంచేయడం దాని పర్యవసానం.

ఈ తెగవాడి పుణ్యక్షేత్రం 1994లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన సఫ్రాన్‌బోలు పట్టణం. ప్రమాణగ్రంథం, వాస్తుశిల్పి సెదాద్ హక్కీ ఎల్దెమ్ టర్కీ ఇళ్ళ ప్లాన్లను వర్గీకరించి 1954లో వెలువరించిన పుస్తకం. మూడు మీటర్ల ఎత్తు గది ఇతడి చేతిలో ఆరు సెంటీమీటర్లకు దిగినా, నిష్ఠ మాత్రం వీసమెత్తు తగ్గదు. కొయ్య చట్రం నిలిపి, సందుల్లో పచ్చి ఇటుకలు పేర్చి, పైన పూత పూసే ‘హిమిష్’ పద్ధతిని తు.చ. తప్పక పాటించి, ఎవరికీ కనబడబోని ఇటుకలను సైతం పట్టకారుతో ఒక్కొక్కటిగా పేరుస్తాడు. అంత శ్రమా పూతకింద సమాధి కావడం మనసొప్పక ఒక గోడను పూత లేకుండా వదిలేసి, వచ్చిన అతిథిని ముందుగా ఆ గోడ దగ్గరికే లాక్కుపోతాడు.

ఈ ఇళ్ళలో కింది రాతి అంతస్తు వీధి వంపును అనుసరించి వంకరగా ఉంటే, పై అంతస్తులు ‘చిక్మా’ అనే భాగంతో వీధిమీదికి పొడుచుకువచ్చి గదుల మూలలను సరిచేస్తాయి. ఈ సూత్రం ఇతడికి చేసిన మేలు ఇంతా అంతా కాదు: కింద వంకరపోతే అది వీధి వంపు, పైన వంకరపోతే నేల కుంగిన అసలు ఇంటికి నకలు.

ఇతడి గర్వకారణం ‘దొన్మె దొలాప్’, అనగా మగ అతిథుల గదికీ అంతఃపురానికీ నడుమ గోడలో అమర్చే తిరుగుడు అలమర. లోపలి స్త్రీలు అందులో భోజనం పెట్టి తిప్పితే, వారెవరి కంటా పడకుండానే అది అవతలికి చేరుతుంది. దానిని సూదిమొనతో తిప్పి చూపిస్తూ ఇతడు చరిత్ర చెబుతున్నంతసేపూ, బల్లమీద చోటులేని కారణంగా భార్య టీ పళ్ళెం పట్టుకుని వెనుక నిలబడే ఉంటుంది.

పాత ఇంటిని అమ్ముకున్న పొరుగువాడు ఇతడి దృష్టిలో సంస్కృతీద్రోహి. సొంత తాతగారి ఇల్లు ఏమైందని అడిగితే మాత్రం, అన్నదమ్ములందరూ కలిసి దానిని బిల్డరుకు డెవలప్‌మెంటుకిచ్చి తలా ఒక ఫ్లాటు పుచ్చుకున్న సంగతి ఒప్పుకుంటూనే, ఆ చలికి తట్టుకోవడం మానవమాత్రుల తరం కాదనీ, రాత్రివేళ వీధితలుపు కిర్రుమంటూ నిద్ర పట్టనిచ్చేది కాదనీ వివరించి, బల్లమీది నమూనా తలుపు ఎంత తిప్పినా కిర్రుమనడం లేదన్న దిగులుతో మళ్ళీ దాని బందులు ఊడదీయడం మొదలుపెడతాడు.