ఒక ఫ్లెక్సీ వాక్యం: టీకా తాత్పర్య సహితం

మూలం: "అడిగిందే తడవుగా కోట్లాది నిధులు తెచ్చి, నియోజకవర్గాన్ని అభివృద్ధి పథంలో పరుగులు పెట్టిస్తున్న మా ప్రియతమ ఎమ్మెల్యే గారికి జన్మదిన శుభాకాంక్షలు."

అవతారిక: ఆంధ్రప్రదేశ్‌లో బొమ్మ మారినా మాట మారకుండా కూడళ్లలో వేలాడే వాక్యమిది. కర్త ఎవరో చరిత్రకు అందలేదు. అడుగున వరసగా ఉన్న పాస్‌పోర్టు సైజు ముఖాల్లో ఒకరై ఉండాలి. మూలంలో లేనిది రాయనని ప్రతిజ్ఞ పట్టినవాడు మెదక్ సీమకు చెందిన కావ్య వ్యాఖ్యాత కొలిచలమ మల్లినాథ సూరి. ఆ దారిన నడవబోయే వ్యాఖ్యాతకు ఇక్కడ ఒక చిక్కు వచ్చిపడింది. ఈ వాక్యానికి రాజ్యాంగంలో మూలం దొరకదు.

టీక: అడిగిందే తడవుగా = అడిగిన వెంటనే. అడిగిందెవరో చెప్పలేదు గనుక అధ్యాహారం చేసుకోవాలి. ప్రజలని కొందరు, కాంట్రాక్టరని మరికొందరు. రెండో అర్థంలోనే స్వారస్యం ఎక్కువ.

నిధులు = 202వ అధికరణం ప్రకారం ఏటా సభ ముందుకొచ్చే ఆర్థిక నివేదికలోని సొమ్ము.

తెచ్చి = ఈ క్త్వార్థకం దగ్గరే వ్యాఖ్యాత కలం ఆగింది. 203వ అధికరణం ప్రకారం శాసనసభ ఒక పద్దును ఆమోదించవచ్చు, తిరస్కరించవచ్చు, తగ్గించవచ్చు. పెంచడానికి వీల్లేదు. గవర్నరు సిఫారసు లేనిదే పద్దు సభలో అడుగే పెట్టదు. అంటే ఖర్చు విషయంలో రాజ్యాంగం ఎమ్మెల్యే చేతికిచ్చింది కత్తెర. ఫ్లెక్సీ కర్త దాన్ని తీసి అక్షయపాత్ర పెట్టాడు. కత్తెర తుప్పు పట్టిందన్న ఫిర్యాదు ఏ నియోజకవర్గం నుంచీ రాలేదు.

అయితే ఆయన పేరు మీద వచ్చే సొమ్ము అసలే లేదా? ఉంది. 2022 జులైలో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి ఒక్కో ఎమ్మెల్యేకు నియోజకవర్గ పనుల కోసం 2 కోట్ల రూపాయలు ప్రకటించారు. 175 మందికీ అందిందనే అనుకుందాం, మొత్తం 350 కోట్లు. ఆ ఏటి బడ్జెట్టు 2.56 లక్షల కోట్లు. వెయ్యి రూపాయల్లో రూపాయిన్నర కూడా కాలేదు. ఆ రూపాయిన్నరకు శంకుస్థాపనలు, శిలాఫలకాలు, పాలాభిషేకాలు. మిగిలిన తొమ్మిది వందల తొంభై ఎనిమిది రూపాయల గురించి సభలో ఆయన ఏమన్నారో మూలం చెప్పదు.

సభ రికార్డులు చెబుతాయి. 2021 మే 20న ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఒకే ఒక్క రోజు సమావేశమైంది. 2.29 లక్షల కోట్ల బడ్జెట్టును ఆర్థిక మంత్రి బుగ్గన రాజేంద్రనాథ్ రెడ్డి ఆ రోజే ప్రవేశపెట్టారు, సభ ఆ రోజే ఆమోదించింది. తెలుగుదేశం సభను బహిష్కరించింది. అడగాల్సినవారు రాలేదు, వచ్చినవారు అడగలేదు. అంతకుముందు ఏడాదీ రెండు రోజులతోనే సరి. అప్పుడు శాసనమండలి ద్రవ్య వినిమయ బిల్లును ముట్టకుండానే వాయిదా పడటంతో, మండలికున్న 14 రోజుల గడువు తీరేదాకా ఆగాల్సొచ్చి, ఒకటో తారీఖున ఉద్యోగుల జీతాలు పడలేదు. కోవిడ్ కాలం గదా అంటే, నిజమే, ఒప్పుకోవాలి. కానీ 2024లో కోవిడ్ లేదు. ప్రభుత్వం మారింది, కొత్తవారు పూర్తి బడ్జెట్టుకు బదులు ఆగస్టు నుంచి నవంబరు దాకా ఖర్చుకు ఆర్డినెన్సు తెచ్చుకున్నారు. ఆ నాలుగు నెలల ఖర్చుకు మూజువాణి ఓటు పాటి శ్రమ కూడా సభ్యుల గొంతుకు కలగలేదు.

అభివృద్ధి పథంలో = 2025-26 బడ్జెట్టు 3.22 లక్షల కోట్లు. అందులో రోడ్లు, ప్రాజెక్టులు, భవనాల వంటి మూలధన వ్యయం 40,635 కోట్లు, అంటే ఎనిమిదో వంతు. ద్రవ్యలోటు 79,926 కోట్లు. అంటే అప్పు చేసేది దాదాపు ఎనభై వేల కోట్లు, కట్టడాలకు పెట్టేది నలభై వేల కోట్లు. రెవెన్యూ లోటే 33,185 కోట్లుంది గనుక అప్పులో ఐదింట రెండు వంతులకు పైగా రోజువారీ ఖర్చుకే చెల్లు. కాబట్టి "నిధులు తెచ్చి" అన్నచోట ముందు "అప్పుగా" అని చేర్చుకుంటే అన్వయం కుదురుతుంది. మల్లినాథుడు ఒప్పుకోడు గానీ, బడ్జెట్ పుస్తకం ఒప్పుకుంటుంది.

పరుగులు పెట్టిస్తున్న = 2024-25లో రాష్ట్ర స్థూల ఉత్పత్తి ఆ ఏటి ధరల్లో సుమారు 12 శాతం పెరిగింది, స్థిర ధరల్లో 8 శాతం పైచిలుకు. రెండోదీ చిన్నదేం కాదు. ఫ్లెక్సీకి మాత్రం మొదటిదే నచ్చుతుంది.

తాత్పర్యం: వద్దనే అధికారమున్న మనిషి ఐదేళ్లూ సరేనంటూ, లేని అధికారంతో తెచ్చిన సొమ్ముకు పూలదండలు వేయించుకుంటున్నాడని భావం.

పాఠాంతరం: అడిగిన ఎమ్మెల్యే లేడా అంటే, ఒకాయన దొరుకుతారు. 2021 జులైలో ఉరవకొండ ఎమ్మెల్యే, ప్రభుత్వ ఖర్చును తనిఖీ చేసే ప్రజాపద్దుల సంఘం అధ్యక్షుడు పయ్యావుల కేశవ్, 41 వేల కోట్ల ఖర్చుకు సరైన లెక్కలు లేవని గవర్నరుకు ఫిర్యాదు చేశారు. అవి సర్దుబాట్లేనని బుగ్గన తోసిపుచ్చారు. ఎవరి మాట నిజమన్నది అటుంచితే, శాసనసభ్యుడు చేయాల్సిన పని అదే.

2024 జూన్‌లో కేశవ్ ఆర్థిక మంత్రి అయ్యారు. నవంబరులో తన తొలి బడ్జెట్టు పెట్టారు. ప్రజాపద్దుల సంఘం పీఠం ప్రతిపక్షానికివ్వడం ఆనవాయితీ. 11 మంది సభ్యులతో వైఎస్సార్‌సీపీకి సంఘంలో స్థానం గెలిచే ఓట్లు లేవు, ఆ పార్టీ ఎన్నికను బహిష్కరించింది. అధ్యక్ష పీఠం జనసేనకు చెందిన భీమవరం ఎమ్మెల్యే పులపర్తి రామాంజనేయులుకు దక్కింది. కేశవ్ ఒకప్పుడు లెక్కలడిగిన కుర్చీలో, ఇప్పుడు కేశవ్ లెక్కలు అడగడానికి ఆయన పార్టీ ఉన్న అధికార కూటమి సభ్యుడే కూర్చున్నారు.