పాసుపుస్తకంలో 4, అడంగల్‌లో 3

కంప్యూటర్ అబద్ధమాడదని పెద్దలంటారు. నిజమే. అది నిజాన్ని కుండలీకరణాల్లో పెట్టి చెబుతుంది. విండోస్ 7 రోజుల్లో 'మై కంప్యూటర్' మీద రైట్‌క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ తెరిచినవాళ్లకు ఇది గుర్తుండే ఉంటుంది. ముందు పెద్దమనిషిలా 'ఇన్‌స్టాల్డ్ మెమరీ 4.00 జీబీ' అని ప్రకటిస్తుంది. ఆ పక్కనే బ్రాకెట్టు తెరిచి, గొంతు తగ్గించి, 'అందులో పనికొచ్చేది 2.96' అని గొణిగి బ్రాకెట్టు మూసేస్తుంది. మిగిలిన జీబీ ఎవరు తిన్నారో మాత్రం చెప్పదు.

అడిగితే చెప్పేవాళ్లకు కొదవేముంది? షాపులో కుర్రాడు తల పైకెత్తకుండానే 'ఫార్మాట్ కొట్టాలి సార్' అంటాడు. అతని వైద్యశాస్త్రంలో కీబోర్డు మీద టీ ఒలికినా మందు అదే. బంధువుల్లో సాఫ్ట్‌వేర్ చేసే బావగారుంటే 'ఏదో వైరస్ పట్టేసుంటుంది' అంటాడు. ఆయన రాసేది జావా అయినా సరే, పెళ్లిలో అడిగారు కాబట్టి ఏదో ఒకటి చెప్పాలి. కస్టమర్ కేర్ అమ్మాయి 'ఒకసారి రీస్టార్ట్ చేసి చూశారా సార్' అంటుంది. చేస్తాం. అదే 2.96 మళ్లీ పలకరిస్తుంది.

అసలు సంగతి భూమి లెక్క తెలిసినవాళ్లకు చిటికెలో అర్థమవుతుంది. ర్యామ్‌లో ప్రతి బైటుకూ ఒక సర్వే నంబరు కావాలి. 32-బిట్ పుస్తకంలో మొత్తం నంబర్లు 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. అంటే సరిగ్గా 4 జీబీ. మీ దగ్గరున్నదీ 4 జీబీయే కదా, సరిపోయిందిగా అంటారేమో. ఆగండి. గ్రాఫిక్స్ కార్డుకు నంబర్లు కావాలి, నెట్‌వర్క్ కార్డుకు కావాలి, బయోస్ చిప్‌కు కావాలి. అవన్నీ ఇదే పుస్తకం చివరి పేజీల్లోంచి, మీకంటే ముందే వచ్చి రాయించుకుంటాయి. మీ భూమి అక్కడే ఉంది, పంటకు పనికొచ్చే భూమే, డబ్బు కట్టి కొన్నారు కూడా. కానీ దాని నంబరు వేరొకరి పేరున ఎక్కింది. పాసుపుస్తకంలో 4 ఎకరాలు, అడంగల్‌లో 3.

ఇది నిన్నమొన్నటి కబ్జా కాదు. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు నంబర్లు 1 మెగాబైటు వరకే. అందులో కింది 640 కేబీ ప్రోగ్రాములకిచ్చి, పైనున్న 384 కేబీని పరికరాలకు రాసిపెట్టారు. '640 ఎవరికైనా చాలు' అన్నాడని బిల్ గేట్స్ మీద ఓ మాట తిరుగుతూ ఉంటుంది. అనలేదని ఆయనే చెప్పాడు, అన్నాడనడానికి ఆధారమూ లేదు. అనకపోయినా లెక్క మాత్రం అలాగే వేశారు. పాతికేళ్లకు అదే గొడవ 4 జీబీ దగ్గర మళ్లీ వచ్చింది. ఇంజినీర్లకు అనుభవం మీద గౌరవం ఉంది, పాఠం మీదే లేదు.

'పోనీలే, నంబర్లే లేకపోతే పాపం వాళ్లు మాత్రం ఏం చేస్తారు' అని జాలిపడేవాళ్లు ఆ జాలిని కాసేపు జేబులో పెట్టుకోండి. 1995లోనే ఇంటెల్ పెంటియం ప్రో ప్రాసెసర్‌లో పీఏఈ అనే ఏర్పాటు చేసింది. నంబరుకు 36 బిట్లు, అంటే 64 జీబీ దాకా లెక్క రాసుకోవచ్చు. 2001 నాటి లైనక్స్ 2.4 ఆ పుస్తకం తెరిచి వాడుకుంది. మైక్రోసాఫ్ట్‌కు చేతకాలేదా అంటే, బ్రహ్మాండంగా చేతనయింది. విండోస్ సర్వర్ 2003 ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్, అదీ 32-బిట్‌దే, సర్వీస్ ప్యాక్ 1తో 64 జీబీ వాడేది. అంటే కంపెనీ కొనే విండోస్‌కు 64, మీ అబ్బాయి చదువుకోసం కొన్న విండోస్‌కు మూడూ చిల్లర.

దీనికి కంపెనీ చెప్పే కారణం ఒకటుంది, దాన్ని కొట్టిపారేయలేం. ఇళ్లలో వాడే సౌండు కార్డులు, వీడియో కార్డుల డ్రైవర్లు రాసినవాళ్లు 4 జీబీ దాటి నంబర్లుంటాయని ఊహించలేదు. అంతకు మించిన నంబరు చేతికిస్తే అవి తలతిరిగి పడిపోయేవి, మిషన్ మొత్తాన్నీ వెంట తీసుకుని మరీ. మైక్రోసాఫ్ట్‌లోనే పనిచేసే మార్క్ రస్సినోవిచ్ 2008లో ఈ సంగతి వివరంగా రాశాడు. అందుకని 2004 నాటి ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2లో 4 జీబీ దగ్గర గోడ కట్టేశారు. తమాషా ఏమిటంటే, భద్రత కోసం అదే సర్వీస్ ప్యాక్‌లో, అది పనిచేసే ప్రాసెసర్లున్న చోట, పీఏఈని తెరిచారు కూడా. 36 బిట్ల పుస్తకం బల్ల మీద తెరిచే ఉంది. మీ పేజీకి మాత్రం మేకు కొట్టి ఉంది.

తర్వాత జెఫ్ చాపెల్ అనే పరిశోధకుడు 32-బిట్ విస్టా కెర్నెల్‌ను విప్పి చూశాడు. 4 జీబీకి పైన వాడుకునే కోడ్ లోపల భేషుగ్గా ఉందనీ, ఎంతవరకు వాడాలో లైసెన్సు విలువలు చూసి ఆగిపోతోందనీ చూపించాడు. డ్రైవర్ల భయం నిజమే కావచ్చు. ఆ భయాన్ని లైసెన్సు గడిలో దాచడం మాత్రం వ్యాపారమే.

జనం ఊరుకోలేదు. 4 పెడితే 3 కనబడుతోందేమిటని గోలపెట్టారు. కంపెనీ విన్నది. 2008లో విస్టా సర్వీస్ ప్యాక్ 1తో సమస్యను పరిష్కరించింది కూడా. ఎలాగంటారా? మెమరీ ఇచ్చి కాదు, అంకె మార్చి. అంతవరకు వాడకానికి ఎంత దొరుకుతోందో చూపించే చోట, ఇకనుంచి బిగించింది ఎంతో చూపించమంది. తెరమీద 4 కనబడింది, వాడకంలో అదే 3. ఇలాంటి పరిష్కారం మన రెవెన్యూ కార్యాలయాలకు కూడా తట్టలేదంటే ఆశ్చర్యంగా ఉంటుంది. మరుసటి ఏడాది విండోస్ 7లో మనస్సాక్షి కాస్త కుట్టి, ఆ బ్రాకెట్టు వచ్చి చేరింది.

విండోస్ 7 ప్రస్తావన వచ్చింది కాబట్టి దాని వర్ణవ్యవస్థ కూడా చూద్దాం. అట్టడుగున స్టార్టర్: 2 జీబీ, తెరమీద బొమ్మ మార్చుకునే స్వేచ్ఛ కూడా లేదు. దానిపైన హోమ్ బేసిక్: 64-బిట్ వేసుకున్నా 8 జీబీ. హోమ్ ప్రీమియం: 16. ప్రొఫెషనల్, అల్టిమేట్: 192. ఇందులో హోమ్ బేసిక్‌ను అమెరికాలో అమ్మలేదు; భారత్‌లాంటి 'ఎదుగుతున్న మార్కెట్ల' కోసం ప్రత్యేకంగా తెచ్చారు. అదే మదర్‌బోర్డు, అదే ర్యామ్ ముక్క, అదే కరెంటు. ఎదుగుతున్నవాళ్లు కదా, 8 దాటి ఎదగకుండా చూసుకున్నారు.

ఇప్పుడంతా 64-బిట్టే కదా, ఈ పాత రామాయణం ఎందుకంటారా? గోడ పడింది, కంచెలు మిగిలాయి. ఇంటెల్ 945 చిప్‌సెట్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో 64-బిట్ విండోస్ వేసి 4 జీబీ పెట్టినా మూడూ చిల్లరే వస్తుంది, ఎందుకంటే అక్కడ నంబర్లు చిప్‌సెట్‌లోనే అయిపోతాయి. కొన్ని బోర్డుల్లో పరికరాల కింద పోయిన భూమికి పైన కొత్త నంబర్లిచ్చే 'మెమరీ రీమ్యాప్' సదుపాయం బయోస్‌లో ఉంటుంది, కానీ ఆపి ఉంటుంది. నొక్కితే జీబీ తిరిగొస్తుంది. ఈ ఒక్క మీట తెలియక ర్యామ్ మార్పించినవాళ్లు, బోర్డు మార్పించినవాళ్లు ఉన్నారు.

కొత్త ల్యాప్‌టాప్‌ల్లో దొంగ ఇంటివాడే. గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లోనే కలిసి ఉంటుంది, దానికి సొంత మెమరీ ఉండదు, మీ దాంట్లోంచే వాటా తీసి పక్కన పెడతారు. 8 జీబీ మిషన్‌లో 2 జీబీ అలా పక్కకు పోయే మోడళ్లున్నాయి. ఆ వాటా తగ్గించే అమరిక కొన్ని కంపెనీలు బయోస్‌లో ఇస్తాయి, చాలా కంపెనీలు దాచేస్తాయి. అట్టపెట్టె మీద మాత్రం 8 అని, పక్కన నిప్పులు కక్కే డ్రాగన్ బొమ్మ.

ఇక స్వయంకృతం. 'కంప్యూటర్‌ను రాకెట్‌లా పరిగెత్తించండి' అనే వీడియో చూసి ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి, బూట్ ట్యాబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, 'మాగ్జిమమ్ మెమరీ' దగ్గర టిక్కు పెట్టే ఆచారం ఒకటుంది. పెట్టినవాళ్లు మెమరీ మొత్తం ఇమ్మని అడిగామనుకుంటారు. అది ఇంతకు మించి ముట్టుకోవద్దని విండోస్‌కు ఇచ్చే ఆజ్ఞ. వీడియోకు లైకులు పెరుగుతాయి, మీ మెమరీ తరుగుతుంది.

ఉన్నదాన్ని లేకుండా చేయడంలో కంప్యూటర్ వాళ్లు సిద్ధహస్తులైతే, లేనిదాన్ని ఉన్నట్టు చూపడంలో ఫోన్‌వాళ్లు వాళ్లను మించారు. 8 జీబీ ఫోన్‌కు స్టోరేజీలోంచి మరో 8 అరువు తెచ్చి, 'వర్చువల్ ర్యామ్' అని పేరుపెట్టి, పోస్టర్ మీద 16 అని వేస్తున్నారు. స్టోరేజీ వేగం ర్యామ్ వేగానికి ఆమడ దూరం. ఆ సంగతి పోస్టర్ అడుగున చీమతలకాయంత అక్షరాల్లో, ఓ నక్షత్రం గుర్తు పక్కన ఉంటుంది.

కాబట్టి అయ్యా, అమ్మా, ర్యామ్ కోసం కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కే ముందు ఇంట్లోనే కొంచెం కూర్చోండి. సెట్టింగ్స్‌లో అబౌట్ తెరిచి 'సిస్టమ్ టైప్' దగ్గర ఆపరేటింగ్ సిస్టమ్ 32-బిట్టా 64-బిట్టా చూడండి. 32 అయితే 4 జీబీ దాటి ర్యామ్ ఎంత పోసినా వృథా. 64 అయితే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ నొక్కి 'హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్' ఎంతుందో చూడండి. వందల మెగాబైట్లుంటే గ్రాఫిక్స్ వాటా కావచ్చు. ఒక ర్యామ్ ముక్క ఎంతో సరిగ్గా అంత ఉంటే టిక్కో, బయోసో, స్లాటో. టిక్కు తీసేయండి, రీమ్యాప్ చూడండి, కరెంటు తీసి ముక్కల్ని ఒక్కొక్కటిగా, ఒక్కో స్లాట్‌లో మార్చి పెట్టి చూడండి. బోర్డు మాన్యువల్‌లో గరిష్ఠం ఎంతో చదవండి. ఇవన్నీ అయ్యాక కూడా లెక్క తేలకపోతే అప్పుడు బజారుకెళ్లండి. అక్కడ ఎవరైనా తల పైకెత్తకుండా 'ఫార్మాట్ కొడితే సరిపోతుంది సార్' అంటే, అందుకు అడిగే 500 రూపాయలు మాత్రం ముందుగా ఇవ్వకండి.