కిలోమీటరుకు ముప్పావలా

దొంగతనం చేసి నష్టపోయినవాళ్లు లోకంలో ఎంతమంది ఉంటారో గానీ, రాయకోటలో మాత్రం ఒకణ్ని నేనున్నాను. పట్టుబడి నష్టపోలేదు. పట్టుబడనే లేదు. లెక్క రాక నష్టపోయాను.

పురుగుమందులూ విత్తనాలూ అమ్మే ఒక కంపెనీలో నాది ఫీల్డ్ పని. రాయకోట అంటే టమోటా. మండీ ఇక్కడ, తోటలు ఉద్దనపల్లి, కెలమంగలం, శూలగిరి చుట్టుపక్కల, డీలర్లు హొసూరులో, గోడౌను కృష్ణగిరిలో. ఇన్నిటి మధ్యా తిరిగే బండి నాది, పెట్రోలు నాది. నెలాఖరున కిలోమీటరుకు మూడు రూపాయల చొప్పున కంపెనీ ఇస్తుంది. 2019లో చేరినప్పుడు పెట్రోలు లీటరు డెబ్బై అయిదు అటూ ఇటూగా ఉండేది. కొత్త బండి, లీటరుకు యాభై ఇచ్చేది. అంటే కిలోమీటరుకు రూపాయిన్నర ఖర్చు, రూపాయిన్నర మిగులు. దారి పొడుగునా రూపాయిన్నరలు రాలి ఉంటే ఏరుకోకుండా పోయేవాడెవడు?

ఏరుకున్నాను. హొసూరుకు ఉద్దనపల్లి మీదుగా నేరుగా పోతే ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. నేను కెలమంగలం పోయి, డెంకణికోట చుట్టుకొని హొసూరు చేరేవాణ్ని. కృష్ణగిరిలో పని ఉంటే తిరుగుదారి శూలగిరి మీదుగా. అడిగేవాడు లేడు, అడిగినా డీలరును పలకరించి వస్తున్నానని చెప్పొచ్చు. లాగ్‌బుక్కులో తోలని కిలోమీటరు ఒక్కటీ రాయలేదు. రాసిందంతా తోలిందే. దీన్ని నేను నిజాయితీ అనుకున్నాను, ఇంకా చెప్పాలంటే తెలివి అనుకున్నాను. సానమావు అడవి దగ్గర ఏనుగులు రోడ్డు దాటుతున్నాయని ఫారెస్టువాళ్లు బండ్లు ఆపేసిన రాత్రుల్లో కూడా, చీకట్లో నిలబడి ఆ రోజు మిగులు ఎంతో లెక్కపెట్టుకునేవాణ్ని. "రాయకోటకు దోవ మర్సిపోయినావా?" అని మా ఆవిడ అడిగేది. సంపాదన అంటే ఏమిటో ఆడవాళ్లకేం తెలుసు అనుకునేవాణ్ని. ఈ ముక్క రాయడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది, కానీ అనుకున్న మాట అదే.

2021లో పెట్రోలు వంద దాటింది. ఆ ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం బడ్జెట్లో పన్ను తగ్గించి లీటరుకు మూడు రూపాయలు దించింది గానీ అది ఎన్నాళ్లో నిలవలేదు. మా మూడు రూపాయల రేటు మాత్రం చెక్కుచెదరలేదు. పాలకోడు వైపు తిరిగే మా తోటి ఉద్యోగి ఒకాయన రేటు పెంచమని అర్జీ రాసి అందరి దగ్గరా సంతకాలు తీసుకుంటూ నా దగ్గరికీ వచ్చాడు. నేను పెట్టలేదు. "ఇంకా మిగులుతానే ఉంది కదన్నా, ఎందుకు గొడవ?" అన్నాను. లీటరు నూట రెండు, బండి నలభైకి దిగింది, అంటే కిలోమీటరుకు రెండు రూపాయల యాభై అయిదు పైసలు. ఇంకా నలభై అయిదు పైసలు మిగులే! మేనేజరు ఆ అర్జీ పక్కన పెట్టి, అన్ని ఊర్లూ తిరిగేవాడికే లేని కష్టం మీకెందుకొచ్చిందని వాళ్లను అడిగాడట. ఆ తిరిగేవాణ్ని నేనే. నా మూర్ఖత్వం నా జేబుతో ఆగి ఉంటే ఇది రాసేవాణ్నే కాదు.

చెయిన్ సెట్టు మార్చేటప్పుడైనా కళ్లు తెరుచుకోవలసింది. మెకానిక్ పాత స్ప్రాకెట్టు విప్పి నా అరచేతిలో పెట్టాడు. పళ్లన్నీ ఒకే వైపుకు వంగి, కొనలు సూదుల్లా తేలి ఉన్నాయి. గ్రానైట్ లారీలు లేపే దుమ్ము గ్రీజుతో కలిసి ఆకురాయిలా పనిచేసిందని చెప్పి, "ఇది అరిగింది కాదన్నా, మీరు తినింది" అన్నాడు నవ్వుతూ. నేనూ నవ్వి డబ్బులిచ్చి వచ్చేశాను. ఆ డబ్బులు ఇంటిఖర్చు. టైర్లు ఇంటిఖర్చు, ఆయిలు ఇంటిఖర్చు, క్లచ్ ప్లేట్లు ఇంటిఖర్చు. రాబడి ఒక్కటే బండి ఖాతాలో పడేది.

ఇంత తెలివితో నేను రైతులకు లెక్కలు చెప్పేవాణ్ని, అదీ కంపెనీ పెట్టే మీటింగుల్లో. వ్యవసాయ ఖర్చుల, ధరల కమిషన్ సాగుఖర్చును ముఖ్యంగా మూడు రకాలుగా కడుతుందనీ, చేతి నుంచి పోయింది ఎ2 అనీ, దానికి ఇంటివాళ్ల కష్టం విలువ కలిపితే ఎ2+ఎఫ్‌ఎల్ అనీ, సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా కలిపితేనే సి2 అనీ బోర్డు మీద రాసి చూపేవాణ్ని. టమోటాకు మద్దతు ధర లేదు, మీ లెక్క మీరే వేసుకోవాల, సొంతానిది కదా అని వదిలేస్తే మునిగిపోతారు అని ఉపన్యాసం. ఒకసారి మీటింగు ముగిశాక ఒక పెద్దాయన నా బండి సీటు చినుగులో వేలు పెట్టి చూస్తూ, "ఏమప్పా, ఈ బండి కంపెనీదా, నీదా?" అన్నాడు. నాదే అన్నాను. "దీనికి కౌలు ఎంతిస్తారు?" అన్నాడు.

జవాబు చెప్పలేకపోయాను. ఆ రాత్రి లెక్క మళ్లీ వేశాను, ఈసారి సొంతానికీ ఖర్చు కట్టి. డెబ్బై వేల బండి తొంభై వేల కిలోమీటర్లు తిరిగింది. హొసూరులో పాత బండ్లు కొనేవాడు మీటరు చూసి పదహారు వేలు అన్నాడు. అంటే తరుగుదల ఒక్కటే కిలోమీటరుకు అరవై పైసలు. టైర్లు, చెయిన్లు, ఆయిలు, ఇంజను పని, ఇన్సూరెన్సు అన్నీ కలిపితే ఇంకో అరవై. పెట్రోలుతో కలిపి మూడు డెబ్బై అయిదు. ఇచ్చేది మూడు. పెట్రోలు వంద దాటాక డెంకణికోట చుట్టూ నేను కష్టపడి కొట్టేసిన ప్రతి కిలోమీటరుకూ కంపెనీకి నేనే ముప్పావలా ఎదురిచ్చాను. వడ్డీ ఇంకా కలపలేదు. ఏనుగుల కోసం నిలబడిన గంటలకు కూలీ సంగతి సరేసరి.

ఇన్సూరెన్సు అంటే గుర్తొచ్చింది. డీలర్ల మెప్పు కోసం మందు డబ్బాల కార్టన్లు వెనక కట్టుకొని చేర్చేవాణ్ని. సొంత బండి పాలసీ కాగితంలో చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంటుంది: శాంపిళ్లు, సొంత సామాను తప్ప ఇతర సరుకు మోస్తే వర్తించదని. ఆ కాగితం అన్నాళ్లూ నా సీటు కిందే ఉంది.

ఆ తర్వాత ఇతరుల రేట్లు వెతకడం ఒక పిచ్చి అయింది. ప్రైవేటు ఉద్యోగికి కిలోమీటరుకు ఇంత ఇచ్చి తీరాలని మన దేశంలో ఏ చట్టమూ రేటు కట్టలేదు. కేంద్ర ప్రభుత్వం మాత్రం తన ఉద్యోగులకు కట్టుకుంది. ఏడో వేతన సంఘం తర్వాత, 2017 జులైలో, రవాణా శాఖ రేటు లేని చోట్ల పనిమీద సొంత స్కూటరుకు కిలోమీటరుకు 12 రూపాయలు, సొంత కారుకు 24 అని ఉత్తర్వు. డీఏ యాభై శాతం పెరిగినప్పుడల్లా ఆ రేటు కూడా 25 శాతం పెరగాలని అందులోనే రాశారు. పన్నెండెక్కడ, మూడెక్కడ! న్యూజెర్సీలో ఉండే మా మేనమామ కొడుకు ఇంకో సంగతి చెప్పాడు. అక్కడి పన్నుల శాఖ 2025కు కట్టిన రేటు మైలుకు 70 సెంట్లు, అందులో 33 సెంట్లు ఒక్క తరుగుదలకే. అంటే దాదాపు సగం రేటు పెట్రోలు బంకులో కనపడని ఖర్చుకు. నేను ఐదేళ్లపాటు చూడలేకపోయిన ఆ సగాన్ని వాళ్లు ముందే విడిగా రాసి పెట్టారు. బ్రిటన్‌లో మాత్రం 2011లో కట్టిన 45 పెన్నీలు పదేళ్లు దాటినా కదల్లేదని చదివి, పాపిష్టి బుద్ధి, కొంచెం ఊరటగా అనిపించింది.

లెక్కలన్నీ పెట్టి కంపెనీకి ఉత్తరం రాశాను. పన్నెండు అడిగితే నవ్వుతారని అయిదు అడిగాను. జవాబు రెండు వాక్యాలు. రేటు మూడున్నర చేశాం. వచ్చే నెల నుంచి దూరం ఫోన్ యాప్ కొలుస్తుంది, అన్నిటికన్నా దగ్గరి దారికే డబ్బు.

ఇంకా పావలా లోటే. పాలకోడు ఆయనకు అంతా చెప్పాను, డెంకణికోట సంగతితో సహా. కడుపు పట్టుకొని నవ్వాడు. ఇంకో అర్జీ రాస్తున్నాడట. ఈసారి సంతకం పెడతానన్నాను. "పెట్టప్పా, వద్దన్లేదు" అన్నాడు, "లెక్క మాత్రం నేనే ఏసుకుంటా."